గేరు కడ్డీకి చుట్టుదారి

ఆటోరిక్షా ఎక్కినప్పుడు డ్రైవరు ఎడమచేతిని మీరెప్పుడైనా గమనించారా? క్లచ్చి నొక్కి, చేతిలోని పిడిని పైకో కిందికో మెలితిప్పుతాడు. టక్కుమని చప్పుడవుతుంది. గేరు మారుతుంది.

ఇందులో వింతేముంది అంటారా? కాస్త ఆలోచించండి. పిడి ఉన్నది బండి ముందు భాగంలో. ఇంజనూ, గేర్లూ ఉన్నవి వెనక, మీరు కూర్చున్న సీటుకు అడుగున. మరి డ్రైవరు చేతి కదలిక అంతదూరం ఎలా వెళ్ళింది?

నేల రేకు కిందుగా రెండు ఉక్కు తీగలు ఆ కదలికను మోసుకొని పోతాయి. ఒకటి చాలదా, రెండెందుకు? తీగకు లాగడమే గాని నెట్టడం తెలియదు. నూతిలోని చేదను తాడుతో పైకి లాగగలం. అదే తాడుతో చేదను కిందికి నెట్టగలమా? అందుకని పిడిని ఒకవైపు తిప్పితే ఒక తీగ లాగుతుంది, రెండోవైపు తిప్పితే రెండో తీగ లాగుతుంది.

డ్రైవరు చేతి కదలికను గేరుబాక్సు దాకా చేరవేసే ఇలాంటి ఏర్పాటును గేరు లింకేజి అంటారు. కొన్ని బండ్లలో అది తీగలతో ఉంటుంది, కొన్నిటిలో కడ్డీలతో, కీళ్ళతో ఉంటుంది. చూడటానికి చాలా మామూలు వస్తువు. కాని దాని దారికి ఎర్రగా కాలే పొగగొట్టం అడ్డం వచ్చిందంటే చిక్కు మొదలవుతుంది. ఆ చిక్కు ఎలా వస్తుందో, దాన్ని ఎలా విప్పుతారో చూద్దాం. లెక్కలు కొన్ని వస్తాయి. భయపడకండి, అన్నీ మీ తరగతి లెక్కలే!

ఇంట్లో బిగించుకొనే కారు

ఈ చిక్కు ఎక్కువగా ఎదురయ్యేది కిట్ కార్లలో. కిట్ కారు అంటే తయారైన కారు కాదు, కారు భాగాల మూట. చట్రం, పై తొడుగు, కొన్ని భాగాలు ఒక కంపెనీ ఇస్తుంది. ఇంజను, గేరుబాక్సు, చక్రాలు వంటివి తరచుగా ఒక పాత కారు నుంచి విప్పి తెచ్చుకోవాలి. అన్నిటినీ ఇంటి దగ్గరే బిగించుకోవాలి.

ఈ సరదా బ్రిటన్‌లో బాగా పెరిగింది. దానికొక కారణం పన్ను. ఒకప్పుడు అక్కడ తయారైన కొత్త కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, విడిభాగాలుగా కొంటే ఆ పన్ను తప్పేది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న కారును ఎంతోమంది అలాగే కొని బిగించుకున్నారు. 1973 ఏప్రిల్‌లో కొనుగోలు పన్ను పోయి, దాని స్థానంలో వేరే పన్ను వచ్చింది. దాంతో ఆ లాభం పోయింది. కాని సరదా మాత్రం పోలేదు. ఆ ఏడే లోటస్ సెవెన్ హక్కులు కాటర్‌హామ్ కంపెనీ చేతికి వచ్చాయి. దాని వారసులైన కార్లు నేటికీ కిట్లుగా అమ్ముడవుతున్నాయి.

మనం తీసుకొనే ఉదాహరణ మరో రకానిది. 1959లో బ్రిటన్‌లో మినీ అనే బుల్లికారు వచ్చింది. దాన్ని రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్. కారు మొత్తం పొడవు 3 మీటర్ల పైన 5 సెంటీమీటర్లు, అంతే. అందులోనే నలుగురు కూర్చోవాలి! అందుకని ఆయన ఇంజనును కారుకు అడ్డంగా పెట్టాడు. గేరుబాక్సును ఇంజను కిందనే, నూనె తొట్టిలో అమర్చాడు. ఇంజను, గేర్లు, చక్రాలను తిప్పే ఇరుసులు, అన్నీ కలిసి ఒకే ముద్ద అయ్యాయి. ఆ ముద్ద కారు ముందు భాగంలో ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది.

ఈ ముద్దను చూసి కిట్ కార్ల వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. దీన్ని అలాగే ఎత్తుకొని వెళ్ళి డ్రైవరు సీటు వెనక పెడితే? బరువంతా కారు మధ్యకు వస్తుంది, మలుపుల్లో కారు చురుగ్గా తిరుగుతుంది, ముందు భాగాన్ని బాగా కిందికి దించవచ్చు. 1967లో వచ్చిన కాక్స్ జీటీఎం అనే కారులో ఈ పనే చేశారు. ఆ తరువాత ఇంకా ఎన్నో కిట్ కార్లు ఈ దారిన నడిచాయి.

తిప్పి పెట్టకూడదా?

మినీలో గేరు కడ్డీ తగిలించే చోటు ఇంజను ముద్దకు వెనకవైపున ఉంటుంది. అది సబబే, ఎందుకంటే డ్రైవరు ఉండేది ఆ వెనకే. పొగ బయటికి వచ్చే గొట్టం కూడా ఆ వైపే దిగుతుంది.

ఇప్పుడు ముద్దను ఉన్నది ఉన్నట్టుగా సీటు వెనకకు మార్చాం. ఏమైంది? గేరు కడ్డీ తగిలించే చోటు ఇంకా వెనకకే చూస్తోంది. కాని డ్రైవరు ఇప్పుడు ముందున్నాడు! మనిషి ఒకవైపు, తలుపు మరోవైపు అన్నమాట.

"అయితే ముద్దను అటుదిటు తిప్పి పెడితే సరి" అని మీలో ఎవరో అనే ఉంటారు. తిప్పి పెడితే ఏమవుతుందో ఒక బొమ్మకారుతో చూడండి. కీ ఇచ్చిన బొమ్మకారును బల్లమీద వదిలితే కిటికీ వైపు పోతుందనుకోండి. దాన్ని వెనక్కి తిప్పి వదలండి. గోడ వైపు పోతుంది. చక్రాలను తిప్పే యంత్రం ఎటు తిరిగి ఉంటే బండి అటే పోతుంది. మినీ ఇంజను ముద్దను తిప్పి పెట్టినా అంతే. ముందుకు పోవలసిన 4 గేర్లూ వెనక్కి నడిపిస్తాయి, వెనక్కి పోవలసిన ఒకే ఒక్క గేరు ముందుకు నడిపిస్తుంది! నాలుగు వేగాలతో వెనక్కి పరిగెత్తే కారు ఎవరికి కావాలి?

కాబట్టి ముద్దను తిప్పడానికి వీల్లేదు. గేరు లింకేజి ఇంజనుకు వెనకనుంచి బయలుదేరి, గుర్రపు లాడంలా వంపు తిరిగి, ముందుకు రావాలి. ఆ వంపు తిరిగే చోటే పొగగొట్టం కూడా దిగుతోంది. చక్రాల ఇరుసులూ అక్కడే తిరుగుతున్నాయి. ఒకే ఇరుకు సందులో ముగ్గురికి దారి కావాలి.

చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే చాలదు

కారు బిగించేవాడు ఏం చేస్తాడు? ముందుగా తోచేది కడ్డీని వంచడం. ఇరుసు కింది నుంచి పోవడానికి కడ్డీని మధ్యలో 40 మిల్లీమీటర్లు కిందికి వంచాడనుకుందాం. ఆ వంపు పక్కన పొగగొట్టం ఉంది. రెంటి మధ్య ఎడం కొలిచాడు. 20 మిల్లీమీటర్లు వచ్చింది. "వేలు దూరుతోంది, చాలు" అనుకున్నాడు.

నిజంగా చాలునా? లెక్కవేద్దాం.

మొదటిది, గొట్టం సాగడం. లోహాలు వేడికి వ్యాకోచిస్తాయని మీరు చదువుకున్నారు. మామూలు ఉక్కు 1 మీటరు పొడవుంటే, ప్రతి 1 డిగ్రీ సెంటీగ్రేడు వేడికీ మీటరులో పదిలక్షల వంతులు 12 చొప్పున సాగుతుంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంది. కాని గొట్టం వేడి 30 డిగ్రీల నుంచి 430 డిగ్రీలకు పెరిగితే తేడా 400 డిగ్రీలు. 1000 మిల్లీమీటర్లను 400తోనూ, 0.000012తోనూ గుణించండి. 4.8 వచ్చింది కదూ? అంటే మీటరు పొడవు గొట్టం దాదాపు 5 మిల్లీమీటర్లు సాగింది. తుప్పు పట్టని ఉక్కులో కొన్ని రకాలైతే ఇంకా ఎక్కువ సాగుతాయి.

రెండోది, ఇంజను ఊగడం. ఇంజనును చట్రానికి రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు, లేకపోతే దాని అదురంతా మనుషులకు తగులుతుంది. ఇంజను చక్రాలను ఒకవైపు తిప్పుతుంటే, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం ఇంజనును ఎదురువైపు తిప్పే ప్రతిచర్య కూడా ఉంటుంది. యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కితే ఇంజను రబ్బరు మీద ఒరుగుతుంది. దానితోపాటే పొగగొట్టమూ ఒరుగుతుంది. మన ఉదాహరణలో అది 8 మిల్లీమీటర్లు అనుకుందాం.

మూడోది చాలామంది మరచిపోయేది. గేరు కడ్డీకి ఒకటి కాదు, రెండు కదలికలున్నాయి. గేరు కర్రను ముందుకూ వెనక్కూ తోస్తే కడ్డీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కర్రను పక్కకు తోస్తే కడ్డీ తన చుట్టూ తాను మెలితిరుగుతుంది. తిన్నని కడ్డీ మెలితిరిగితే చోటేమీ మారదు. కాని వంచిన కడ్డీ మెలితిరిగితే? తాడాట గుర్తు తెచ్చుకోండి. చేతులు ఉన్నచోటే ఉంటాయి, మధ్యలో తాడు మాత్రం పెద్ద చుట్టు చుట్టి వస్తుంది. వంచిన కడ్డీ మధ్యభాగమూ అంతే. 40 మిల్లీమీటర్ల వంపు 20 డిగ్రీలు తిరిగితే, వంపు కొస పక్కకు సుమారు 14 మిల్లీమీటర్లు జరుగుతుంది. సైను పట్టిక ఉన్నవాళ్ళు 40ని సైన్ 20 డిగ్రీలతో గుణించి చూసుకోవచ్చు.

ఇప్పుడు కూడండి: 5, 8, 14. మొత్తం 27 మిల్లీమీటర్లు. ఉన్న ఎడం 20!

అన్నీ ఒకేసారి, ఒకేవైపు జరగకపోవచ్చు. కాని ఏదో ఒక రోజు, ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కి, అప్పుడే గేరు మార్చినప్పుడు జరిగితే? కడ్డీ పోయి గొట్టానికి తగులుతుంది. గేరు సగమే పడుతుంది, లేదా పడిన గేరు బయటికి రాదు. ఆ సమయంలో వెనక ఒక లారీ వస్తోందనుకోండి! ఇంటి ముందు, చల్లని ఇంజనుతో కొలిచిన 20 మిల్లీమీటర్లను నమ్ముకున్నందుకు అది ఫలితం.

తగలకపోయినా కాల్చుతుంది

తగలనంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. వేడి తాకకుండానే ప్రయాణం చేస్తుంది. పొయ్యికి ఎదురుగా కూర్చుంటే మంట తాకకుండానే మొహం కాలుతుంది కదా! దాన్నే ఉష్ణ వికిరణం అంటారు.

దీని లెక్క 1879లో స్టెఫాన్ అనే శాస్త్రజ్ఞుడు కనుక్కున్నాడు. 1884లో బోల్ట్‌జ్‌మన్ దాన్ని సిద్ధాంతపరంగా రుజువు చేశాడు. ఒక వస్తువు వెదజల్లే వేడి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. పరమ ఉష్ణోగ్రత అంటే సెంటీగ్రేడు డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది. ఇంజను దగ్గర గొట్టం బాగా కాలి 600 డిగ్రీలకు చేరిందనుకోండి. అది చీకట్లో మసక ఎరుపుగా కనబడే వేడి. 273 కలిపితే 873. గొట్టం 300 డిగ్రీల్లో ఉంటే 573. 873ని 573తో భాగించి, వచ్చినదాన్ని నాలుగుసార్లు వేసి గుణించండి. 5కు పైనే వస్తుంది! డిగ్రీల లెక్కలో వేడి రెండింతలే అయింది, కాని వెదజల్లే వేడి అయిదింతలు దాటింది. ఊళ్ళో మెల్లగా నడిపి చూసి "అంతా బాగుంది" అనుకున్న కారు, పొడవాటి కొండదారిలో ఎందుకు మొరాయిస్తుందో తెలిసిందా?

ఈ వేడికి కడ్డీ ఉక్కు కరగదు. కాని కడ్డీకి ఆసరాగా ఉండే గుండ్రని నైలాను తొడుగులుంటాయి. నైలాను రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కీళ్ళలోని గ్రీజు పలచబడి కారిపోతుంది. దుమ్ము రాకుండా కప్పిన రబ్బరు తొడుగు పెళుసెక్కి చిట్లుతుంది. ఆ మీదట కీళ్ళలోకి మట్టి చేరుతుంది, అవి అరిగి వదులవుతాయి. ఒక్క రోజులో జరిగేది కాదు. అందుకే కనిపెట్టడం కష్టం.

దీనికి మందులు రెండు. ఒకటి దూరం. పొడవాటి గొట్టం దగ్గర, గొట్టం నడిమి నుంచి దూరం రెండింతలు చేస్తే తగిలే వేడి సుమారు సగమవుతుంది. రెండోది అడ్డు. గొట్టానికీ కడ్డీకీ మధ్య మెరిసే అల్యూమినియం రేకు పెడితే, అది వేడిలో చాలా భాగాన్ని అద్దంలా వెనక్కి కొట్టేస్తుంది. రేకును గొట్టానికి అంటించి బిగించకూడదు, రెండువైపులా గాలి ఆడాలి. అంటించారంటే రేకు కూడా గొట్టమంత వేడెక్కుతుంది.

ఎవరు తప్పుకోవాలి?

పొగగొట్టాన్నే పక్కకు జరపవచ్చు కదా అని మీకు తోచవచ్చు. జరపవచ్చు. కాని ఏది తేలిక?

పొగగొట్టం లావుగా ఉంటుంది, వాయువులను మోస్తుంది. దాన్ని చటుక్కున వంచితే పొగకు అడ్డు ఏర్పడి ఇంజను బలం తగ్గుతుంది. అది చల్లబడటానికి చుట్టూ చోటు కూడా కావాలి. ఎటు జరిపినా వేడి దానితోపాటే వస్తుంది. గేరు లింకేజి సంగతి వేరు. అది మోసేది పొగను కాదు, ఒక కబురును. "ఇంత ముందుకు జరుగు, ఇంత పక్కకు తిరుగు" అనేదే ఆ కబురు. కబురు ఏ దారిన వచ్చినా ఫరవాలేదు, మారకుండా వస్తే చాలు. కాబట్టి పొగకు తిన్నని దారి ఇచ్చి, కబురుకు చుట్టుదారి ఇవ్వడం మంచిది.

ఇక చుట్టుదారి వేసే పద్ధతులు చూద్దాం.

రెండు పనులు, రెండు కడ్డీలు

వంచిన కడ్డీతో వచ్చిన చిక్కంతా మెలితిరగడంలో ఉంది. ఒకే కడ్డీ రెండు పనులు చేస్తోంది. ఆ రెండు పనులనూ విడదీస్తే? ముందువెనకల కదలికకు ఒక కడ్డీ, పక్క కదలికకు మరో కడ్డీ పెడతారు. రెండోదానికి చెరోచివర ఒక పొట్టి చెయ్యి బిగిస్తారు. గేరు కర్ర పక్కకు కదిలితే ఆ చెయ్యి కడ్డీని నెడుతుంది. అవతలి చివర ఉన్న చెయ్యి ఆ నెట్టుడును తిరిగి మెలికగా మారుస్తుంది. ఇప్పుడు రెండు కడ్డీలూ పొడవునా జరుగుతాయే తప్ప మెలితిరగవు. తాడాట ఆగిపోయింది! లెక్కలోని 14 మిల్లీమీటర్లు ఎగిరిపోయాయి.

కడ్డీలను పొగగొట్టం లేని రెండోపక్కకు మార్చడానికి అడ్డలీవర్లు వాడతారు. అడ్డలీవరు అంటే పడుకోబెట్టిన ఉయ్యాల బల్ల అనుకోండి. మధ్యలో ఒక మేకు మీద తిరుగుతుంది. ఒక కొసను నెడితే రెండో కొస వెనక్కి వస్తుంది.

ఇక్కడ జాగ్రత్త! ఒక్క అడ్డలీవరు పెడితే నెట్టుడు కాస్తా లాగుడు అవుతుంది. డ్రైవరు మొదటి గేరు అనుకొని ముందుకు తోస్తే రెండోది పడుతుంది, మూడోది అనుకొంటే నాలుగోది పడుతుంది. రెండు అడ్డలీవర్లు పెడితే తిరగబడినది మళ్ళీ తిరగబడి సరి అవుతుంది. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం వచ్చినట్టే. ఇలా తిరగవేసే లీవర్లు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాలి.

లీవరు చేతుల పొడవులు కూడా చూసుకోవాలి. రెండు చేతులూ 50 మిల్లీమీటర్లయితే కదలిక ఉన్నదున్నట్టు వెళుతుంది. ఒకటి 50, రెండోది 40 అయితే, 15 మిల్లీమీటర్ల కదలిక అవతల 12 అయిపోతుంది. అప్పుడు గేరుపళ్ళు పూర్తిగా కలవవు.

తీగల దారి

రెండో పద్ధతి ఆటోరిక్షా పద్ధతికి చుట్టమే. సైకిలు బ్రేకు తీగలాంటిదే మరింత గట్టి తీగను వాడటం. బయట ఒక గొట్టం, లోపల ఒక తీగ ఉండే ఈ ఏర్పాటుకు 1896లో బ్రిటన్‌లో బౌడెన్ పేరుతో పేటెంటు వచ్చింది. గేర్లకు వాడే రకంలో లోపలి తీగ లావుగా, బిరుసుగా ఉంటుంది. గొట్టం దాన్ని పక్కకు వంగనివ్వదు. అందువల్ల అది లాగడమే కాదు, నెట్టను కూడా నెట్టగలదు! కాబట్టి ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క తీగ చాలు. ఇంజను ఊగినా తీగ దానితోపాటు వంగుతుంది గనుక గేరు కర్ర అదరదు. ముందు చక్రాలు తిప్పే నేటి కార్లలో, చేత్తో గేర్లు మార్చేవాటిలో, చాలావరకు ఇలాంటి రెండు తీగలే ఉంటాయి.

అయితే తీగకూ ఒక బలహీనత ఉంది. గేదె ఎంత గింజుకున్నా, పలుపును గుంజకు రెండు చుట్లు చుట్టి పట్టుకుంటే చిన్నపిల్లవాడయినా ఆపగలడు. చుట్టు పెరిగేకొద్దీ రాపిడి పెరుగుతుంది. తీగ వంపు తిరిగిన చోటల్లా జరిగేది ఇదే. రాపిడి గుణకం 0.1 అనుకొంటే, తీగ మొత్తం మీద 180 డిగ్రీలు వంగితే, అవతల 10 కిలోల లాగుడు కావాలంటే ఇవతల 13.7 కిలోలతో లాగాలి. 360 డిగ్రీలు వంగితే 18.7 కిలోలతో లాగాలి! వంపులు ఎన్ని అన్నది కాదు, మొత్తం ఎన్ని డిగ్రీలు అన్నదే లెక్క. అందుకని తీగ దారి సాధ్యమైనంత తిన్నగా ఉండాలి. లోపలి పూత ప్లాస్టిక్కు కనుక, పొగగొట్టానికి కడ్డీ కన్నా ఇంకా దూరంగా ఉండాలి.

చుట్టుదారికి కట్టే సుంకం

చుట్టుదారి ఊరికే రాదు. దారి మారేకొద్దీ కీళ్ళు పెరుగుతాయి. ప్రతి కీలులోనూ రవంత వదులు ఉంటుంది.

ఒక్కొక్క కీలులో అర మిల్లీమీటరు వదులు, అలాంటివి 6 కీళ్ళు. మొత్తం 3 మిల్లీమీటర్లు. గేరు కర్ర పైకొస 60 మిల్లీమీటర్లు కదిలితే కడ్డీ 15 కదులుతుందనుకోండి. అంటే 4కు 1. కడ్డీలో పోయిన 3 మిల్లీమీటర్లు డ్రైవరు చేతిలో 12 అవుతాయి. 60లో 12 వృథా, అంటే కర్ర ప్రయాణంలో అయిదోవంతు ఏ పనీ చేయదు! డ్రైవరుకు అది గంజిలో గరిటె తిప్పినట్టుంటుంది. అంతకంటే ప్రమాదం, గేరు పూర్తిగా పడక, దారిలో తనంతట తానే ఊడి రావడం. అదే 0.1 మిల్లీమీటరు వదులున్న మంచి గుండుకీళ్ళు వాడితే, ఆరు కలిసి 0.6 మాత్రమే. చేతిలో 2.4. ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఇంజను ఊగినప్పుడు కడ్డీలు గేరును లాగకుండా ఇంకో ఉపాయం ఉంది. గేరు కర్రను మోసే పెట్టెను ఒక ఊతకడ్డీతో ఇంజనుకే కలిపేస్తారు. ఇంజను ఎటు జరిగితే పెట్టె కూడా అటే జరుగుతుంది. రెంటి మధ్య దూరం మారదు కనుక గేరు కదలదు. పరుగెత్తే రైల్లో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికి మధ్య దూరం మారనట్టే.

అంతా అయ్యాక పరీక్షించడం కూడా ఒక పద్ధతి ప్రకారమే. మొదట చల్లని ఇంజనుతో ప్రతి గేరూ వేసి, ప్రతిసారీ ఎడం కొలవాలి. మామూలుగా కర్ర నడిమిలో ఉన్నప్పుడు కొలిస్తే చాలదు. తరువాత ఇంజనును కడ్డుతో అటూ ఇటూ ఒరిగించి చూడాలి. చివరికి బాగా నడిపి, ఆపి, చల్లారనిచ్చి, కడ్డీల మీద రాపిడి గుర్తులు, రేకు మీద కాలిన మచ్చలు ఉన్నాయేమో వెతకాలి. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కార్లను ఒక్కొక్కటిగా ప్రభుత్వం పరీక్షించే పద్ధతి 1998లో వచ్చింది. 2009లో దాని బదులు మరో పరీక్ష పెట్టారు. పరీక్ష నెగ్గితేనే కారు రోడ్డు మీదికి వస్తుంది.

మీరే చేసి చూడండి

పాత సైకిలు స్పోకు ఒకటి, అట్టపెట్టె ఒకటి తీసుకోండి. పెట్టె ఎదురెదురు గోడలకు సమాన ఎత్తులో రెండు రంధ్రాలు చేసి స్పోకును తిన్నగా దూర్చండి. దాని పక్కన, వేలెడు దూరంలో, ఒక సుద్దముక్కను నిలబెట్టండి. అది మన పొగగొట్టం. స్పోకును ముందుకూ వెనక్కూ జరపండి, మెలితిప్పండి. సుద్దముక్క కదలదు.

ఇప్పుడు స్పోకును బయటికి తీసి, పెట్టె లోపలికి వచ్చే భాగాన్ని విల్లులా కొంచెం వంచండి. ఒక గోడను పై నుంచి రంధ్రం దాకా కత్తిరిస్తే దాన్ని తేలిగ్గా కూర్చోబెట్టవచ్చు. వంపు కిందికి ఉండేట్టు పెట్టి, సుద్దముక్కను మళ్ళీ వేలెడు దూరంలోనే నిలపండి. ముందుకూ వెనక్కూ జరపండి. ఏమీ కాలేదు. ఇక మెలితిప్పండి. సుద్దముక్క పడిపోయిందా? ఎన్ని డిగ్రీలు తిప్పితే పడిందో, వంపు ఎంత లోతు ఉందో కొలిచి, మనం వేసిన లెక్కతో పోల్చండి.

ఒక హెచ్చరిక: ప్రయోగాలు అట్టపెట్టెతోనే చేయండి. నాన్నగారి స్కూటరు విప్పి, మా పత్రిక పేరు చెప్పకండి!

ఈసారి ఆటో ఎక్కినప్పుడు డ్రైవరు ఎడమచేతిని మరోసారి చూడండి. ఆ చేతి నుంచి బయలుదేరిన కబురు కాళ్ళ కిందుగా, వంపులు తిరుగుతూ, వేడిని తప్పించుకుంటూ వెనకకు చేరి గేరు మారుస్తోంది. దానికి ఆ దారి ఎవరో ఒకరు కొలిచి, లెక్కవేసి వేశారు. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక మరోసారి కొలిచి ఉంటారు.